అప్‌గ్రేడ్ చేసిన పాత డెస్క్‌టాప్ వేడెక్కిపోతుంటే ఏం చేయాలి?

పాత డెస్క్‌టాప్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డో, అదే సాకెట్‌లో (మదర్‌బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే చోటు) పట్టే పెద్ద ప్రాసెసరో వేసుకున్న పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. మార్చిన భాగాలు బాగానే పనిచేస్తుంటాయి, కానీ అరగంట వాడేసరికి ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఆట మధ్యలో వేగం పడిపోతుంది, ఒక్కోసారి కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతుంది. ఏ కూలర్ కొనాలి అని అడుగుతారు. కూలర్ పేరు చెప్పి ఊరుకోవడం తేలికే, కానీ వేడి ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోకుండా కొన్న కూలర్ చాలాసార్లు డబ్బు దండగే అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో కొనుగోలు మాట చివరికి వస్తుంది, కొలవడం ముందు వస్తుంది.

సిద్ధాంతంగా తెలుసుకోవలసింది ఒక్కటే. చిప్‌లో పుట్టిన వేడి థర్మల్ పేస్టు (చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే ముద్ద) గుండా హీట్‌సింక్‌లోకి, అంటే ఫ్యాను కింద ఉండే లోహపు రేకుల దిమ్మలోకి, అక్కడి నుంచి కేబినెట్ లోపలి గాలిలోకి, ఆ గాలితో పాటు బయటికి పోవాలి. అప్‌గ్రేడ్ చేసినప్పుడు వేడి పుట్టించే భాగం మారుతుంది గానీ ఆ దారి పాతదే ఉండిపోతుంది. ఉదాహరణకు 65 వాట్ల కోర్ ఐ3-2100 స్థానంలో 95 వాట్ల కోర్ ఐ7-2600 పెట్టి, గ్రాఫిక్స్ కార్డే లేని చోట 120 వాట్ల జీటీఎక్స్ 1060 తగిలిస్తే, ఆ కేబినెట్ బయటికి పంపవలసిన వేడి ఒక్కసారిగా 150 వాట్లు పెరుగుతుంది. వెనకాల ఉన్న ఒకే ఒక్క ఫ్యాను మాత్రం మునుపటి లెక్కకు అమర్చినదే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్ లైట్, మెత్తని బ్రష్.
- బ్లోయర్ లేదా డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్.
- 90 శాతం లేదా అంతకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ, కాటన్ బడ్స్.
- విద్యుత్తు ప్రసరించని రకం థర్మల్ పేస్టు ఒక ట్యూబు. లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లవద్దు. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, పైగా అల్యూమినియాన్ని తినేస్తుంది, పాత హీట్‌సింక్‌ల అడుగుభాగం చాలావరకు అల్యూమినియమే.
- గది ఉష్ణోగ్రత చూపే మామూలు థర్మామీటర్.
- కాగితం, పెన్ను. వీటిని తక్కువగా చూడవద్దు. ఏ మార్పు తర్వాత ఎంత తగ్గిందో రాసుకోని వారికి చివరికి ఏది పనిచేసిందో తెలియదు.

1. ఉష్ణోగ్రతలు కొలవండి

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో గానీ హెచ్‌డబ్ల్యూమానిటర్ గానీ పెట్టుకోండి. లినక్స్ వాడేవారికి ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ చాలు. కంప్యూటర్ ఆన్ చేసి ఏ పనీ ఇవ్వకుండా 10 నిమిషాలు వదిలి మొదటి అంకెలు రాసుకోండి. తర్వాత మీరు రోజూ చేసే బరువైన పనిని, అంటే ఆటనో, వీడియో ఎడిటింగ్‌నో 20 నుంచి 30 నిమిషాలు నడిపించి, గరిష్ఠ అంకెలు చూడండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, దాని వేగం, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత, హార్డ్ డిస్కు ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం, వీటితో పాటు గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి.

గది ఉష్ణోగ్రత ఎందుకని చాలామంది వదిలేస్తారు. గది 26 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 78, గది 34 డిగ్రీలున్నప్పుడు అదే పనికి 86 చూపిస్తే, రెండు సందర్భాల్లోనూ తేడా 52 డిగ్రీలే. అంటే కూలింగ్‌లో ఏ మార్పూ రాలేదు, వాతావరణం మారిందంతే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు దుమ్ము దులిపి అప్పుడే కొలిచి, 'ఎనిమిది డిగ్రీలు తగ్గింది' అని సంతోషించడం ఇలా మోసపోవడమే. మీరు పోల్చవలసింది గదికీ చిప్‌కీ మధ్య తేడాను.

ఎంతవరకు ఫరవాలేదు అన్నది చిప్‌ను బట్టి మారుతుంది. ఇంటెల్ కోర్ తరం ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, ఆ హద్దు తగిలితే అవి తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఎక్కువసేపు నడిచే పనిలో 85 దాటకుండా చూసుకోవడం మంచిది. ఏఎండీ రైజెన్ 3000 శ్రేణిలో ఈ హద్దు 95 డిగ్రీలు. కానీ పాత ఏఎండీ ఎఫ్ఎక్స్ శ్రేణిలో 8350 వంటివాటికి కంపెనీ ఇచ్చిన హద్దు 60 చిల్లర మాత్రమే. కాబట్టి ఇంటెల్ వాడే స్నేహితుడు '75 మామూలే' అన్నాడని ఎఫ్ఎక్స్-8350 ఉన్నవారు నిశ్చింతగా ఉండకూడదు. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో 83 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకునే ఎన్‌విడియా కార్డులు చాలా ఉన్నాయి. తిరిగే హార్డ్ డిస్కుకు కంపెనీలు సాధారణంగా 60 వరకు అనుమతిస్తాయి గానీ, 45 దాటుతుంటే గాలి సరిపోవడం లేదని అర్థం చేసుకోండి.

జాగ్రత్త పడవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఈ సాఫ్ట్‌వేర్లు మదర్‌బోర్డుపై దేనికీ కలపని సెన్సర్లను కూడా చూపిస్తాయి. ఏయూఎక్స్‌టిన్, టీఎంపిన్ వంటి పేర్లతో 127 డిగ్రీలో, సున్నాకు దిగువనో కదలకుండా నిలిచి ఉన్న అంకె కనిపిస్తే దాన్ని పట్టించుకోవద్దు. రెండోది, రైజెన్ 5 1600ఎక్స్, 7 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు టీసీటీఎల్ అనే పేరుతో ఇచ్చే అంకె అసలు ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు ఎక్కువ. టీడై అనే పేరున్న అంకెను చూడండి.

ప్రైమ్95, ఫర్‌మార్క్ వంటి పరీక్షలు మామూలు వాడకం కన్నా చాలా ఎక్కువ వేడి పుట్టిస్తాయి. కారణం ఇంకా తెలియని దశలో వాటిని నడపవద్దు. పాత మదర్‌బోర్డు, పాత ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె) ఉన్న కంప్యూటర్‌కు అది అనవసరమైన శిక్ష.

2. వేడి ఎక్కే తీరును చూడండి

నా ఉద్దేశంలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. అంకె ఎంత అన్నదాని కన్నా, ఆ అంకె ఎంత త్వరగా అక్కడికి చేరింది అన్నది ఎక్కువ విషయం చెబుతుంది.

పని మొదలుపెట్టిన రెండు మూడు సెకన్లలోనే ప్రాసెసర్ 45 నుంచి 90 పైకి ఎగబాకి, పని ఆపగానే అంతే వేగంగా కిందికి దిగితే, వేడి హీట్‌సింక్‌కు అందడం లేదని అర్థం. పేస్టు ఎండిపోయి ఉండాలి, లేదా హీట్‌సింక్ సరిగ్గా కూర్చోకపోయి ఉండాలి. ఇలాంటప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, వెంటనే హీట్‌సింక్ అడుగుభాగం పక్కన వేలితో తాకి చూడండి. లోపల చిప్ 95 చూపించినా హీట్‌సింక్ గోరువెచ్చగా కూడా లేకపోతే, తప్పు ఆ రెండింటి మధ్యనే ఉన్నట్టు ఇక సందేహం అక్కర్లేదు.

దీనికి భిన్నంగా ఉష్ణోగ్రత 60, 65, 70 అంటూ పావుగంట, ఇరవై నిమిషాల పాటు నెమ్మదిగా పెరుగుతూ పోతే, హీట్‌సింక్ పని చేస్తోంది గానీ కేబినెట్‌లోని గాలి వేడెక్కిపోతోంది. దీన్ని నిర్ధారించుకోవడానికి కేబినెట్ పక్క తలుపు తీసేసి అదే పనిని అంతే సమయం నడపండి. 5 డిగ్రీలు లేదా అంతకు మించి తగ్గితే మీ సమస్య గాలి ప్రవాహం, కాబట్టి 7వ మెట్టు మీద శ్రద్ధ పెట్టండి. తలుపు తీసినా తీయకపోయినా ఒకటే అయితే 5, 6 మెట్లు మీవి.

మూడో తీరు కూడా ఒకటుంది, దీన్ని గుర్తించేవారు తక్కువ. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 65 దగ్గరే ఉంటుంది, అయినా బరువైన పనిలో కొన్ని నిమిషాలకే దాని వేగం పడిపోతుంది. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగం, అంటే సాకెట్ పక్కన వరుసగా ఉండే చిన్న నల్లటి చిప్‌లు, వేడెక్కినప్పుడు ఇలా జరుగుతుంది. తక్కువ ధర మదర్‌బోర్డులో 95 వాట్లు లేదా 125 వాట్ల ప్రాసెసర్ వేసుకున్నవారు దీన్ని ముందుగా అనుమానించాలి, ఎందుకంటే అలాంటి బోర్డుల్లో ఆ చిప్‌ల మీద హీట్‌సింక్ కూడా ఉండదు.

3. డబ్బా తెరవకముందే సరిచేయగలిగినవి

టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ పనీ ఇవ్వనప్పుడు ప్రాసెసర్ వాడకం ఎంతుందో చూడండి. అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ ముగిశాక కూడా 20, 30 శాతం దగ్గర నిలిచి ఉంటే ఆ ప్రోగ్రామ్ ఏమిటో కనిపెట్టి ఆపాలి. మీకు తెలియకుండా నడిచే క్రిప్టో మైనింగ్ మాల్వేర్ కూడా ఇలాగే కనిపిస్తుంది.

తర్వాత బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగులు మార్చే తెర) వెళ్లి సీపీయూ ఫ్యాను సైలెంట్ మోడ్‌లో ఉందేమో చూసి, స్టాండర్డ్‌కో, ఇంకా పై మోడ్‌కో మార్చండి. కంప్యూటర్‌ను కరెంటు నుంచి తీసిన ప్రతిసారీ తేదీ, సమయం తప్పుగా చూపిస్తుంటే మదర్‌బోర్డుపై ఉన్న సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. దాన్ని మార్చేవరకు మీరు పెట్టిన ఫ్యాను సెట్టింగులు నిలవవు. ఓవర్‌క్లాకింగ్, మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ వంటి, ప్రాసెసర్ వేగాన్ని మామూలు కన్నా పెంచే సెట్టింగులు ఆన్‌లో ఉంటే ఆపివేసి మళ్లీ కొలవండి.

4. దుమ్ము తీయండి

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను 10 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. కేబినెట్‌ను ఆరుబయటికి తీసుకెళ్లి తెరవండి. కేబినెట్ లోహపు చట్రాన్ని ఒకసారి తాకాకే లోపలి భాగాలను ముట్టుకోండి.

పైకి శుభ్రంగా కనిపించే హీట్‌సింక్‌ను నమ్మవద్దు. ఫ్యాను విప్పి చూస్తే, ఫ్యాను రెక్కలకూ హీట్‌సింక్ రేకులకూ మధ్య దుమ్ము, వెంట్రుకలు కలిసి దుప్పటిలా పేరుకొని ఉంటాయి. పైనుంచి ఎంత గాలి ఊదినా ఆ పొర కదలదు. దాన్ని బ్రష్‌తో లేపి తీశాకే గాలి ఊదాలి. గ్రాఫిక్స్ కార్డును కూడా స్లాట్ నుంచి తీసి, దాని ఫ్యాన్ల వెనక ఇలాగే చూడాలి. కేబినెట్ ముందు ప్లాస్టిక్ ముఖాన్ని ఊడదీస్తే దాని వెనక ఉండే జాలీలో గాలి దాదాపుగా రానంత దుమ్ము కనిపించడం మామూలే.

గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. స్వేచ్ఛగా వదిలేస్తే అది తన వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది, మోటారు జనరేటరులా పనిచేసి కనెక్టర్‌లోకి వోల్టేజీ పంపే అవకాశమూ ఉంది. కంప్రెస్డ్ ఎయిర్ డబ్బాను నిలువుగానే పట్టుకోవాలి, వంచితే గాలి బదులు ద్రవం చిమ్ముతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు ఆనించవద్దు, అది స్థిరవిద్యుత్తు పుట్టిస్తుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. జాలీల బయటి నుంచి గాలి ఊదడంతో సరిపెట్టుకోండి.

టార్చ్ చేతిలో ఉన్నప్పుడే సాకెట్ చుట్టూ ఉన్న గుండ్రటి కెపాసిటర్లను చూడండి. వాటి తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు మరక కనిపించినా ఆ బోర్డు మీద ఇక కూలర్ ఖర్చు పెట్టకండి.

5. పాత పేస్టు తీసి కొత్తది వేయండి

హీట్‌సింక్ తీయడానికి ముందు కంప్యూటర్‌ను ఒక పది నిమిషాలు బరువైన పనితో నడిపి ఆపండి, వెచ్చదనానికి పేస్టు మెత్తబడుతుంది. ఏఎం4, ఏఎం3 వంటి ఏఎండీ సాకెట్లు ఉన్నవారికి ఇది తప్పనిసరి. వాటిలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టు బిగుసుకొని ఉండగా హీట్‌సింక్‌ను నిటారుగా పైకి లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. హీట్‌సింక్‌ను కుడికీ ఎడమకీ నెమ్మదిగా తిప్పుతూ, అది జారుతోందని చేతికి తెలిశాకే పైకి ఎత్తండి.

తీసిన వెంటనే తుడిచేయకండి. రెండు ముఖాల మీద పేస్టు ఎలా పరుచుకుందో ఒక ఫొటో తీసుకోండి. మధ్యలో పలచగా, అంచుల వైపు అదనపు పేస్టు తోసుకుపోయినట్టు ఉంటే ఒత్తిడి బాగానే ఉంది. ఒక మూల మందంగా, ఎదురు మూల ఖాళీగా ఉంటే హీట్‌సింక్ ఒరిగి కూర్చుంది, పేస్టు మార్చినంత మాత్రాన అది సరికాదు. పొడిపొడిగా రాలుతుంటే పేస్టు ఆయుష్షు తీరింది. రాగి అడుగు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకొని ఉంటే, మీ సమస్యకు మూలం దొరికినట్టే. కొత్త కూలర్ పెట్టినప్పుడు ఆ పొర తీయడం మరిచిపోవడం ఆశ్చర్యం కలిగించేంత తరచుగా జరుగుతుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు ముఖాలను లోహం మెరిసేదాకా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కత్తి, గరుకు కాగితం వాడవద్దు. ఇంటెల్ బోర్డుల్లో ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి తీయవలసిన అవసరమే లేదు, అక్కడ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డుకే ముప్పు.

ప్రాసెసర్ నడిమధ్యన 4 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పుగల చుక్క వేయండి. వేలితో పామవద్దు, హీట్‌సింక్ ఒత్తిడే దాన్ని పరుస్తుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లబడుతుందనేది తప్పు అభిప్రాయం, ఎందుకంటే పేస్టు కన్నా లోహానికే వేడిని మోసే శక్తి ఎక్కువ, పేస్టు పని రెండు లోహాల మధ్య కంటికి కనిపించని ఖాళీలను నింపడం మాత్రమే. హీట్‌సింక్ పెట్టాక మళ్లీ పైకి లేపవలసి వస్తే, మొత్తం తుడిచి కొత్తగా వేయాలి. లేపిన పేస్టు మీదే మళ్లీ కూర్చోబెడితే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి.

6. హీట్‌సింక్‌ను సమంగా బిగించండి

ఇంటెల్ ప్రాసెసర్లతో పాటు వచ్చే కూలర్‌కు నాలుగు నల్లటి ప్లాస్టిక్ పిన్నులుంటాయి. పాత కంప్యూటర్లలో నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది వీటినే. పిన్ను తలమీద ఉన్న బాణం దిశలో తిప్పడం అంటే పిన్నును విడిపించడం. బిగించే ముందు నాలుగింటినీ బాణానికి వ్యతిరేక దిశలో, ఆగేంతవరకు తిప్పి ఉంచాలి. తర్వాత ఒక మూల పిన్నును, ఆ వెంటనే దానికి ఎదురు మూల పిన్నును 'టిక్' అనే చప్పుడు వచ్చేలా నొక్కాలి, ఆపై మిగిలిన రెండు. వరుసగా ఒకే పక్క రెండు నొక్కితే హీట్‌సింక్ ఒరుగుతుంది.

చప్పుడు విన్నామని ఊరుకోకండి. ప్రతి పిన్నునూ మెల్లగా పైకి లాగి చూడండి. మదర్‌బోర్డు వెనక వైపు కనిపించేలా ఉంటే టార్చ్ వేసి చూడండి, తెల్లటి ప్లాస్టిక్ కాళ్లు రెండుగా విచ్చుకొని, వాటి మధ్య నల్లటి పిన్ను చివర బయటికి పొడుచుకొని కనిపించాలి. ఒక్క కాలు విరిగినా ఆ కూలర్ నమ్మకానికి పనికిరాదు, పిన్నుల సెట్టు విడిగా దొరికితే మార్చవచ్చు.

స్క్రూలతో బిగించే కూలరైతే, ఒక్కో స్క్రూను రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పుతూ ఎదురెదురు మూలలకు మారుతూ పోవాలి. ఒకటి పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్లకూడదు.

చివరగా కూలర్ ఫ్యాను వైరును సీపీయూ_ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చండి. వేరే చోట పెడితే కొన్ని బోర్డులు బూట్ సమయంలో ఫ్యాను లేదని ఆగిపోతాయి, మరికొన్ని ఏమీ అనకుండానే ఫ్యాను వేగాన్ని ప్రాసెసర్ వేడితో ముడిపెట్టడం మానేస్తాయి.

7. గాలి దారి సరిచేయండి

గాలి ముందు నుంచి కింది భాగంలో లోపలికి రావాలి, వెనక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. ఫ్యాను ఏ వైపు గాలి వదులుతుందో తెలియకపోతే, మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఏ ముఖానికి ఉన్నాయో చూడండి. గాలి ఆ ముఖం వైపు నుంచే బయటికి వస్తుంది. బిగించాక పలచని కాగితం ముక్క పెట్టి నిర్ధారించుకోండి, లోపలికి లాగే ఫ్యాను దాన్ని అతుక్కునేలా చేస్తుంది, బయటికి పంపేది ఎగరగొడుతుంది.

పాత కేబినెట్లలో ముందు వైపు ఫ్యాను పెట్టే చోటు ఉండి కూడా ఫ్యాను ఉండదు. అలాంటి కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నవారికి నా మొదటి సలహా కొత్త సీపీయూ కూలర్ కాదు, ఆ ఖాళీలో ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను. అక్కడ 80 లేదా 92 మిల్లీమీటర్ల రంధ్రాలే ఉంటే ఆ కొలతదే పెట్టండి. ముందు ముఖం పూర్తిగా మూసుకుపోయిన ప్లాస్టిక్ అయి, గాలి రావడానికి పక్కల సన్నని చీలికలు మాత్రమే ఉంటే, ఆ ముఖం ఊడదీసి ఒకసారి కొలవండి. తేడా పెద్దగా వస్తే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆ కేబినెట్ అడ్డమే, మార్చడం గురించి ఆలోచించండి.

ఎస్‌ఎంపీఎస్ పైభాగంలో ఉండే పాత కేబినెట్లలో ఇంకో చిక్కు ఉంది. ప్రాసెసర్ నుంచి, గ్రాఫిక్స్ కార్డు నుంచి పైకి లేచిన వేడి గాలినే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను పీల్చుకుంటుంది. ప్రాసెసర్‌ను అది కొంత చల్లబరుస్తుంది గానీ తాను మాత్రం వేడి గాలిలో పనిచేస్తుంది. వెనక ఫ్యాను బలంగా తిరుగుతుంటే ఈ భారం తగ్గుతుంది, అందుకే అక్కడి ఫ్యానును ఎప్పుడూ వదిలేయకూడదు.

మూడు పిన్నుల ఫ్యానును నాలుగు పిన్నుల చోట గుచ్చవచ్చు. కాని బయోస్‌లో ఆ చోటు పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే అది ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది, డీసీ మోడ్‌కు మార్చితే అదుపులోకి వస్తుంది. బ్రాండెడ్ కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో ఫ్యాను కనెక్టర్ మామూలు దానికి భిన్నంగా ఉండవచ్చు, కొనే ముందు పిన్నుల సంఖ్య, అమరిక చూసుకోండి.

పక్క తలుపు తీసి శాశ్వతంగా వాడటం పరిష్కారం కాదు. పరీక్షకు అది మంచి సాధనం, కానీ తలుపు లేని కేబినెట్‌లో ముందు నుంచి వెనకకు పోయే గాలి ధార తెగిపోతుంది, దుమ్ము పేరుకుంటుంది, హార్డ్ డిస్కు మీదుగా పోవలసిన గాలి పోదు.

8. గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడండి

రెండు మూడు ఫ్యాన్లు పైకి కనిపించే కార్డులు తమ వేడిలో చాలాభాగాన్ని కేబినెట్‌లోకే వదులుతాయి. ఒకే ఫ్యానుతో మూసిన తొడుగు ఉండే బ్లోయర్ రకం కార్డులు చప్పుడు ఎక్కువ చేస్తాయి గానీ వేడిని వెనక నుంచి బయటికి తోస్తాయి. ఇరుకైన పాత కేబినెట్‌కు రెండో రకమే నయం. కార్డు ఫ్యాన్ల కింద వైర్లు వేలాడకుండా కట్టండి. దాని పక్క స్లాట్‌లో మరో కార్డు ఉంటే వీలైనంత దూరపు స్లాట్‌కు మార్చండి. పాత బోర్డులో అడాప్టర్ కార్డు ద్వారా ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వాడే వేగవంతమైన నిల్వ) పెట్టుకున్నవారు అది సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద పడకుండా చూసుకోవాలి.

ఖర్చు లేని మార్గాలు రెండున్నాయి. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 100 నుంచి 80 శాతానికి తగ్గించండి. వేడి బాగా తగ్గుతుంది, వేగంలో వచ్చే తరుగు దానితో పోలిస్తే చిన్నది. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే ఆటలో ఫ్రేమ్ రేటును 60కి కట్టడి చేయండి, తెరమీద కనిపించని ఫ్రేముల కోసం కార్డు కాగిపోవలసిన పని లేదు.

కార్డును విప్పి పేస్టు మార్చడం ఆఖరి మార్గం. మెమరీ చిప్‌ల మీద ఉండే థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవి వేయాలి, మందం మారితే హీట్‌సింక్ ప్రధాన చిప్‌ను సరిగ్గా తాకదు.

9. ఇంకా అవసరమైతేనే కూలర్ కొనండి

ఇంతవరకు చేసినా పని సమయంలో హద్దు దాటుతుంటే అప్పుడు కూలర్ మార్చాలి. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1150, 1151, 1155, 1156, 1200 సాకెట్లకు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, కాబట్టి వీటిలో ఒకదాని కూలర్ సాధారణంగా మిగిలినవాటికీ పడుతుంది. ఎల్‌జీఏ 775కు 72, ఎల్‌జీఏ 1700కు 78 మిల్లీమీటర్లు, వీటికి తగిన బిగింపు సరంజామా వేరుగా కావాలి. కేబినెట్ లోపలి వెడల్పు కొలిచి, కూలర్ ఎత్తుతో పోల్చుకోండి. పాత కేబినెట్లలో 150 మిల్లీమీటర్లు దాటే టవర్ కూలర్ పెడితే తలుపు పట్టకపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. పొడవాటి తొడుగులున్న ర్యామ్‌కు కూలర్ తగులుతుందేమో కూడా చూడండి.

2వ మెట్టులో వీఆర్‌ఎం సమస్య అని తేలినవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కిందికి గాలి కొట్టే పాత కూలర్ ఆ చిప్‌ల మీదకూ కొంత గాలి పంపుతుంది. దాన్ని తీసి టవర్ కూలర్ గానీ, నీటితో చల్లబరిచే కూలర్ గానీ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది, వీఆర్‌ఎం ఇంకా వేడెక్కుతుంది. అలాంటి బోర్డుకు కిందికి గాలి కొట్టే పెద్ద కూలరే సరైనది.

10. మళ్లీ కొలవండి

ప్రతి మార్పు తర్వాతా 1వ మెట్టులోని అదే పనిని, అంతే సమయం, తలుపు మూసి నడిపి గది ఉష్ణోగ్రతతో తేడా రాసుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. పేస్టు మార్చాక ఎదుగుదల నెమ్మదించిందా, ఫ్యాను పెట్టాక 20వ నిమిషానికి అంకె నిలకడగా ఆగిందా అన్నవి చూడాలి. ఆఖరి నిమిషాల్లో కూడా ఉష్ణోగ్రత ఇంకా పైకే పోతుంటే గాలి దారి ఇంకా సరిపోలేదు. అంతా కుదిరాక మాత్రమే, కావాలంటే, సినీబెంచ్ వంటి పరీక్షను 10 నిమిషాలు నడిపి, వేగం మధ్యలో పడిపోకుండా ఉందని నిర్ధారించుకోండి.

కొత్త భాగాలు కొనే వీలు లేనివారు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి మార్చవచ్చు. చాలా ప్రాసెసర్లలో దీనితో టర్బో వేగం (బరువైన పనిలో ప్రాసెసర్ తానే పెంచుకునే వేగం) ఆగిపోయి, వేడి తగ్గుతుంది. రాయడం, చదవడం, వీడియోలు చూడడం వంటి పనుల్లో తేడా తెలియదు.

ఉష్ణోగ్రతలన్నీ హద్దులోకి వచ్చాక కూడా ఆట మొదలవగానే కంప్యూటర్ టక్కున ఆగిపోతుంటే, వేడిని వదిలి ఎస్‌ఎంపీఎస్ వైపు చూడండి. విండోస్ తన లోపాల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపించడం అనుకోకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. స్లాట్ గుండా గ్రాఫిక్స్ కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి, మిగిలినదంతా ఎస్‌ఎంపీఎస్ నుంచి 6 పిన్నుల లేదా 8 పిన్నుల వైరు ద్వారా రావాలి. హార్డ్ డిస్కు కనెక్టర్ నుంచి అడాప్టర్‌తో ఆ వైరు కలిపి ఉంటే, ప్లగ్ తీసి ఆ కనెక్టర్‌ను బయటికి లాగి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా ఆ వైరును ఇక వాడకండి, తగిన వాట్లు, సొంత పీసీఐఈ వైరు ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టేదాకా ఆ కార్డును పక్కన పెట్టండి.